మూఁడణాల వాదము: 1963 లోకసభలో నొక పూర్వపక్షము

శాస్త్రగ్రంథములఁ బరిచయముగలవారికిఁ బూర్వపక్షమనఁగా నేమో వేఱుగఁ జెప్పఁబనిలేదు. సిద్ధాంతి తన మతమును స్థాపింపఁబూనినపుడు ప్రతివాది యేమనునో దానిని ముందుగాఁ జెప్పి, దానికి సమాధానమిచ్చి, పిదపఁ దన నిర్ణయమును వ్రాయును. పూర్వపక్షము దుర్బలముగఁ జెప్పఁబడినచో సిద్ధాంతమును దుర్బలమే యగును. వ్యాకరణమునం దీ పద్ధతి మిక్కిలి స్పష్టము. పాణిని సుమారు 4000 సూత్రములను రచించెను. కాత్యాయనుఁడు వానిలోఁ బెక్కింటిని దీసికొని, చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, సరిగాఁ జెప్పనిదానిని విచారించి వార్తికములు వ్రాసెను. పతంజలి యా వార్తికములను మరలఁ బరీక్షించి యొకచో సూత్రకారుని పక్షమును, వేఱొకచో వార్తికకారుని పక్షమును నిలిపెను. ఇంత ప్రశ్నించినను గాత్యాయనుఁడు పాణినికి శత్రువని సంప్రదాయజ్ఞు లనరు. మునిత్రయములో నాతఁడును బూజ్యుఁడే.

రాజ్యాంగసభలలోఁ బ్రతిపక్షమని పిలువఁబడునదియు నీ స్థానమునందే యున్నది. కాని భేదము లేకపోలేదు. శాస్త్రమునందుఁ బూర్వపక్షమును గూడ సిద్ధాంతియే వ్రాసికొనును. కావున దాని బలాబలములు కొంతవఱ కాతని చేతిలోనివి. సభయం దట్లు గాదు. ప్రతివాది యెదుటఁ గూర్చుండి, తాను దలఁచిన ప్రశ్నను దాను దలఁచిన మాటలలో నడుగును. మఱియొక భేదము: శాస్త్రమునకు వోటు లేదు. సభయందు వాదము ముగిసినపిదపఁ దలలు లెక్కింపఁబడును. వాదమున నోడియు లెక్కలో గెలుచుట, లెక్కలో నోడియు వాదమును నిలుపుకొనుట, రెండును సంభవించును. 1963వ సంవత్సరమున భారత లోకసభలో డాక్టరు రామమనోహర లోహియా నడపిన మూఁడణాల వాదము రెండవదానికిఁ జక్కని యుదాహరణము.

మంత్రులను సభలోఁ బ్రశ్నించు నాచారమున కింగ్లండునందుఁ గానవచ్చు మొదటి నిదర్శనము 1721వ సంవత్సరపుది. దక్షిణసముద్రపుఁ గంపెనీ కూలిపోయి, దాని కోశాధికారి రాబర్టు నైటు దేశము విడిచి పాఱిపోఁగా, ఆతఁడు పట్టుపడెనను వార్త నిజమా యని కౌపరుప్రభువు ప్రభువులసభలో మంత్రివర్గము నడిగెను. తొలిప్రశ్నయే ధనమును గూర్చినదగుట గమనింపఁదగినది. భారతదేశమున నీ హక్కు మెల్లమెల్లఁగా వచ్చెను. 1861 చట్టమువలన నేర్పడిన సభలలో సభ్యులకుఁ బ్రశ్నించు నధికారము లేదు. 1892 చట్టము ప్రశ్న నడుగనిచ్చెను గాని, యుత్తరముపై మాఱుప్రశ్న వేయనీయలేదు. 1909లో, ప్రశ్న వేసినవానికి మాత్రము ఉపప్రశ్న లభించెను. 1919 చట్టము పిమ్మట నది సభ్యులందఱకును లభించెను. ఉపప్రశ్న లేని ప్రశ్న పిడిలేని కత్తివంటిదగుటచే, ఈ యిరువదియేడేండ్ల జాగు చిన్నది కాదు. 1950లో నమలులోనికి వచ్చిన భారత సంవిధానము 75వ యధికరణమున, మంత్రివర్గము సమష్టిగా లోకసభకు బాధ్యత వహించు నని శాసించినది.

ఈ బాధ్యత గట్టిగఁ బరీక్షింపఁబడిన యొక ప్రసిద్ధసందర్భమునఁ బ్రశ్నించినవాఁడు ప్రతిపక్షమువాఁడు కాకపోవుట వింత. 1957 డిసెంబరులోఁ గాంగ్రెసు సభ్యుఁడే యగు ఫిరోజు గాంధీ, జీవితబీమాసంస్థ ముంద్రా యను వ్యాపారికిఁ జెందిన ఆఱు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకుఁ గొన్న విషయమును సభలోఁ బెట్టెను. నాఁటి సభాధ్యక్షుఁడు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఛాగ్లా న్యాయమూర్తి విచారణమునకుఁ బిదప నార్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలోఁ బదవి విడిచెను. ఇచట వివాదవిషయ మొక్క క్రయము. దానికిఁ బత్రములు గలవు, తేదులు గలవు, సంతకములు గలవు. లోహియా యెత్తిన ప్రశ్న కిట్టి యాధారములు లేవు. దేశమునందలి బీదవాఁడు దినమునకు నేమి తినుచున్నాఁడను ప్రశ్నకు సంతకము చేసిన కాగిత మెచ్చట దొరకును?

1962 యెన్నికలలో లోకసభయందలి 494 స్థానములకుఁగాను 361 కాంగ్రెసునకు దక్కెను. ప్రతిపక్షములు చిన్నవి, పరస్పరభిన్నములు. ప్రతిపక్షనాయకుఁ డను గుర్తింపు 1969 వఱకు నా సభలో నెవ్వరికిని లభింపనేలేదు. కాని 1962 అక్టోబరు నవంబరులలోఁ జైనాతో జరిగిన యుద్ధము ప్రభుత్వప్రతిష్ఠను గదలించెను. మఱుసటి యేఁట వచ్చిన క్రొత్తపన్నులు, నిర్బంధనిక్షేపపథకము, బంగారు నియంత్రణము జనులను బాధించెను. 14 క్యారట్లకు మించిన నగలు చేయరాదను నిబంధనముచే స్వర్ణకారుల వృత్తి మూలఁబడెను. ఆ 1963 మే మాసమున జరిగిన యుపయెన్నికలలో ఆచార్య కృపలానీ అమ్రోహానుండియు, మీనూ మసానీ రాజకోటనుండియు, లోహియా ఫరుఖాబాదునుండియు గెలిచి సభలోనికి వచ్చిరి. సంఖ్య ముగ్గురే. కాని వాదమునకుఁ గావలసినది సంఖ్య కాదు గదా.

లోహియా 1910 మార్చి 23వ తేదిని అక్బరుపురమున జన్మించెను. బెర్లిను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము వడసెను. 1934లోఁ గాంగ్రెసు సోషలిస్టుపక్షమును స్థాపించినవారిలో నొకఁడు. 1942 యుద్యమమున రహస్యరేడియో నడపినవారిలోఁ జేరినవాఁడు. ఆంధ్రదేశముతో నాతని సంబంధము గట్టిది. 1955వ సంవత్సరాంతమున నాతని సోషలిస్టుపక్షము హైదరాబాదుననే యేర్పడెను. ఆతని ‘మన్‌కైండు’ అను నాంగ్లపత్రిక యానగరమునుండియే వెలువడెను. ఆతని గ్రంథములఁ బెక్కింటిని బద్రీవిశాల్ పిత్తీ యచ్చటనే ప్రకటించెను. 1962లో నాతఁడు ఫూల్పూరున నెహ్రూపండితునకే యెదురు నిలిచి యోడెను. ఏఁడాదికే సభలోఁ బ్రవేశించి, యాయనకే యెదురుగఁ గూర్చుండెను.

1963 ఆగస్టు 19న కృపలానీ మంత్రివర్గముపై నవిశ్వాసతీర్మానమును బ్రతిపాదించెను. లోకసభాచరిత్రలోఁ జర్చకు వచ్చిన మొదటి యవిశ్వాసతీర్మాన మిదియే. నాలుగుదినములు, ఇరువదియొక గంటలకు మించి చర్చ జరిగెను. సర్దారు హుకుంసింగు సభాధ్యక్షుఁడు. చైనాయుద్ధము, పన్నులు, అవినీతి, ఆహారపదార్థముల ధరలు, అన్నియు నందుఁ జర్చింపఁబడెను; వానిలోఁ బెక్కు మాటలు నేఁడు చదువరులకు జ్ఞప్తికి రావు. 21వ తేదిని లోహియా హిందీలో మాటాడుచు, దేశమున 27 కోట్ల జనులు దినమునకు మూఁడణాలతో జీవించుచున్నా రనెను. జ్ఞప్తియందు నిలిచిన మాట యిది.

ఇచట నొక విశేషము గలదు. 1957 ఏప్రిలు 1వ తేదినుండి దశాంశనాణెములు ప్రవేశపెట్టఁబడి, రూపాయ నూఱు నయాపైసలుగా విభజింపఁబడెను. ప్రభుత్వపు లెక్కలలో నణా లేదు. లోహియా ‘పందొమ్మిది నయాపైసలు’ అనియు నుండవచ్చును, లెక్క యదియే. కాని సంతలోఁ గూరలమ్ము ముసలిది నాఁటికిని అణాలలోనే బేరమాడుచుండెను. రూపాయకుఁ బదునా ఱణాలను భావము జనుల మాటలో వేరూనియుండెను. ఇది ‘పదాఱణాల’ నిజమనుట నేఁటికిని దెలుఁగువారి నుడికారము. ఎవరి జీవితమును గూర్చి మాటాడుచున్నాఁడో వారి కొలతతోనే దానిఁ గొలుచుట లోహియా నేర్పు. ఆతఁ డాంగ్లమునఁ బండితుఁ డయ్యు సభలో హిందీనే వాడుటకును నిట్టి కారణమే కలదు.

నెహ్రూపండితుఁ డీ లెక్కను నిరాకరించెను. ప్రణాళికాసంఘపు గణనము ననుసరించి తలసరి యాదాయము దినమునకు మూఁ డణాలు గాదు, 15 అణాలని యాయన యుత్తరము. లోహియా తగ్గలేదు. 15 అణాలు కోటీశ్వరుని, కూలివానిని గలిపి పంచిన సగటు మాత్రమే. తాను జెప్పినది క్రిందివారిని గూర్చి యనెను. అంతటితో ‘మూఁడణాలు, పదునై దణాలు’ అను వివాదము దేశమంతటఁ బ్రాఁకెను. ఆ సెప్టెంబరులో జాతీయాదాయవిభజనముపై సభలోఁ బ్రత్యేకముగ మరలఁ జర్చ జరుగవలసివచ్చెను.

పత్రికలు దీనిని రెండు సంఖ్యల పోరాటముగఁ జిత్రించినవి. ఎవరిది నిజమని జనులు పందెములు వేసికొనిరేమో! కాని పరీక్షించి చూచినచో నీ రెండు వాక్యములకు విరోధమే లేదు. 1961 జనాభాలెక్క ప్రకారము దేశజనసంఖ్య సుమారు 44 కోట్లు. తలకు 15 అణాల చొప్పున మొత్తము 660 కోట్ల అణాలు. లోహియా చెప్పిన 27 కోట్ల జనులకు మూఁడేసి యణాలు పోయినచో 81 కోట్ల అణాలగును. మిగిలిన 579 కోట్ల అణాలు తక్కిన 17 కోట్ల జనులకుఁ బంచినచోఁ దలకు 34 అణాలు వచ్చును. ఇట్లు క్రిందివానికి మూఁడు, మీఁదివానికి ముప్పదినాలు గైనను సగటు పదునేనే! ప్రధానమంత్రి యుత్తరము నిజమైనను, దానివలన లోహియా మాట యసత్యము గాదు. విషయములు భిన్నములైనపుడు విరోధ మెక్కడిది? ఒకఁడు ‘వనమునఁ జెట్లు పొడవైనవి’ యనఁగా, వేఱొకఁడు ‘ఈ మూల మొక్కలు పొట్టివి’ యన్నచో నెవఁడును రెండవవానిని నబద్ధీకుఁ డనఁడు.

వైయాకరణుల కిట్టి చిక్కు క్రొత్తది గాదు. పదమున కర్థ మాకృతియా, ద్రవ్యమా యని ప్రాచీనులు వాదించిరి. ఆకృతి యని వాజప్యాయనుఁడు, ద్రవ్యమని వ్యాడి. ‘భారతీయునకు దినమునకుఁ బదునేనణాలు’ అను వాక్యములో ‘భారతీయుఁడు’ అను పదమున కర్థమేమి? వ్యక్తులలో నెవ్వఁడును గాఁడు. సరిగాఁ బదునే నణాలే వచ్చువాఁడు వేయింట నొకఁ డుండిన నుండును. జాతియుఁ గాదు, జాతి యన్ని వ్యక్తులయందును సమముగ నుండవలెను, ఈ పదునే నణా లట్లుండవు. సగటు మనుష్యుఁ డాకృతియుఁ గాఁడు, ద్రవ్యమును గాఁడు. లెక్కలోఁ బుట్టి లెక్కలోనే భుజించువాఁడు. వానికి బదులు 27 కోట్ల ద్రవ్యములను సభయెదుట నిలుపుటయే లోహియా చేసిన పని.

ప్రభుత్వమున కీ భేదము తెలియదనుటయు న్యాయము గాదు. ప్రణాళికలవలనఁ బెరిగిన యాదాయ మెవ్వరికిఁ జేరెనో విచారించుటకై నెహ్రూప్రభుత్వమే 1960లో మహలనోబిసు అధ్యక్షతను నొక సంఘమును నియమించియుండెను. 1963 ఆగస్టునాఁటికి దాని నివేదిక రాలేదు. మొదటిభాగము 1964లో వెలువడెను. తాము నియమించిన సంఘము జవాబు చెప్పకమునుపే ప్రతివాది యా ప్రశ్ననే సభలో వేయఁగా, మంత్రులు సగటును జూపి తప్పుకొనఁజూచిరి. ఉత్తరములో దోష మిదియే గాని, సంఖ్యలోఁ గాదు.

లోహియా వాదములో నింకొక భాగము గలదు. ప్రధానమంత్రి కొఱకు దినమునకు 25,000 రూపాయలు వ్యయమగుచున్నవనియు, ఆయన కుక్కకే దినమునకు మూఁడు రూపాయలగుచున్నవనియు నాతఁ డనెను. 25,000 రూపాయలనఁగా 4 లక్షల అణాలు. మూఁ డణాల చొప్పున 1,33,333 మంది దినభోజనము. వినువారి చెవులలో నీ మాట గింగురుమనకుండునా? కాని వాదముగాఁ జూచినచో నిది మూఁ డణాల మాటవలె బలమైనది గాదు. ప్రధానమంత్రి రక్షణమునకు, కార్యాలయమునకు, ప్రయాణములకు నగు వ్యయ మాయన సొంత భోగముగ నెన్నరాదు. పదవి యెవరిదైన నా వ్యయములో నధికభాగము తప్పదు. కుక్క మాట పరిహాసప్రియులకుఁ దృప్తి గూర్చెను గాని, వ్యక్తినింద యను నాక్షేపమున కవకాశ మిచ్చెను. పదునైన పూర్వపక్షముతోఁ గూడ నొక యెత్తిపొడుపు చేరినచో, సిద్ధాంతి దాని కుత్తరమిచ్చి మొదటిదానికి నిచ్చినట్లు నటింపవచ్చును. లోహియా కీ సంగతి తెలియకపోదు. తెలిసియు నిలువరించుకొనలేని స్వభావ మాతనిది.

ఆగస్టు 22న వోట్లు తీయఁగా దీర్మానమునకుఁ బక్షముగ 62, ప్రతికూలముగ 347 వచ్చెను. ఇట్లగునని యందఱకు ముందే తెలియును. ప్రత్యుత్తరమిచ్చుచు నెహ్రూపండితుఁ డీ చర్చను దాను స్వాగతించితి ననియు, ప్రభుత్వమున కిట్టి పరీక్షలు కాలక్రమమున జరుగుట మంచిదే యనియుఁ జెప్పుట యాయన యౌదార్యమునకుఁ దార్కాణము. సిద్ధాంతి పూర్వపక్షి నాదరించు పద్ధతి యిదియే. తీర్మాన మోడిన రెండు దినములకే మొరార్జీ దేశాయి, లాల్‌బహదూరు శాస్త్రి, మన బెజవాడ గోపాలరెడ్డి మున్నగు నార్గురు కేంద్రమంత్రులు పదవులు వదలుట నిశ్చయమయ్యెను. దీనిని ప్రతిపక్షపు విజయముగఁ గొందఱు తలంతురు. అది సరిగాదు. సీనియరు నాయకులు పదవులు విడిచి పక్షకార్యమునకుఁ బోవలె నను కామరాజుప్రణాళికను గాంగ్రెసు తీర్మానమునకు ముందే, ఆ ఆగస్టు నెలలోనే యంగీకరించియుండెను. కాలసామీప్యమును గార్యకారణభావముగ భ్రమించుట చరిత్రరచనలోఁ దఱచుగఁ గానవచ్చు దోషము.

మూఁ డణాల సంఖ్య నిజమా యను ప్రశ్న మిగిలియున్నది. దీనికి రెండు కొలతలు సాయపడును. మొదటిది, 1962లో ప్రణాళికాకార్యమున నేర్పడిన నిపుణబృందము చెప్పినది. 1960-61 ధరలలోఁ దలకు నెలకు 20 రూపాయలు కనీసావశ్యక మని వారు నిర్ణయించిరి; విద్యావైద్యముల వ్యయ మందుఁ జేరలేదు. 20 రూపాయలు 320 అణాలు. దినమునకుఁ బది యణాలకు మించినది, పదునొకండు అణాలకుఁ దక్కువ. అనఁగా ప్రధానమంత్రి సగటగు 15 అణాలే యీ కనీసముకంటె నెక్కువ దూరములో లేదు. సగటే యిట్లుండఁగా సగటునకుఁ గ్రిందివారి స్థితి వేఱుగఁ జెప్పవలయునా? ఈ కొలత లోహియా సంశయమునకు బలము గూర్చునది.

రెండవది యాతనికిఁ బ్రతికూలము. 1971లో దాండేకరు, రథ్ అను నర్థశాస్త్రజ్ఞులు 1960-61 ధరలలో గ్రామములందుఁ దలకు నెలకు 15 రూపాయలు, పట్టణములందు 22 రూపాయల ఎనిమి దణాలు కనీసముగఁ దీసికొని, గ్రామీణులలో సుమారు నూటికి 40 మంది, పట్టణవాసులలో సుమారు 50 మంది యా గీఁతకుఁ దిగువ నున్నారని తేల్చిరి. 15 రూపాయలు దినమునకు నెనిమిది అణాలు. గ్రామములందే నూటికి అఱువదిమంది దినమునకు నెనిమిది అణాలు, అంతకు మించి వ్యయించుచుండిరన్నచో, దేశజనులలో నూటికి అఱువదిమందికి మూఁడేసి యణాలే యనుట పొసఁగదు. ఆ సంఖ్య తక్కువగఁ గట్టఁబడిన దనక తప్పదు. అయినను గ్రామీణులలో సుమారు నూటికి నలువదిమందికి దినమునకు నెనిమి దణాలైన లేవను నిర్ణయమును, 15 అణాల యుత్తరమును బ్రక్కప్రక్కఁ బెట్టి చూచినవా రెవరు పొరపాటునకు మిక్కిలి దగ్గఱగ నుండిరో తెలిసికొనఁగలరు. సంఖ్యలో లోహియా తప్పెను. ఏ సంఖ్య నడుగవలెనో దానిలోఁ దప్పలేదు.

అయితే దాండేకరు, రథ్ లెక్కించినది వ్యయము. లోహియా చెప్పినది యాదాయము. అప్పు చేసి తినువాని వ్యయ మాదాయమునకు మించును. అదిగాక పల్లెకూలివానికి నాఁడు గింజలకూలియే మిక్కుటము. కుంచెఁడు జొన్నలకుఁ బంటకాలమునఁ గట్టిన వెల వేఱు, కఱవుకాలమునఁ గట్టిన వెల వేఱు. ఏ నెల ధరను దీసికొని యా జొన్నల నణాలుగా మార్చిరను దానిని బట్టి రెండుమూఁ డణాల తేడా సులభముగ వచ్చును. ఈ యంశమును విడిచి మూఁడని గాని, యెనిమిదని గాని గట్టిగఁ బలుకుట సాహసము.